క్రిక్ అనని కథ

పోర్ట్ ఓ ప్రిన్స్
12 జనవరి 1987

క్లెర్మీన్ పిన్నీ,

ముందు పెనం మీద రొట్టె ఉంటే దించి, తీరిగ్గా కూర్చుని చదువు. నీ అక్క కూతురు రేడియోలో కథలు చెబుతోంది!

నిజంగానే. నేను స్టేషన్లో టైపు కొడుతున్నానని కదా మీకందరికీ తెలుసు. క్రిస్మస్ ముందు మా పెద్దాయన ముసే గాస్నెర్ పిలిచి, "ఈవ్రోజ్, శనివారం సాయంత్రం పావుగంట ఖాళీగా ఉంది. పాటలు వేసి వేసి నాకే విసుగొచ్చింది. నీకేమైనా తోస్తుందా?" అన్నారు. ముందూ వెనకా చూడకుండా "కథలు" అనేశాను. "ఫ్రెంచిలోనా?" అన్నారు. "కాదు, మన క్రెయోల్లో. బడి పుస్తకాల్లో లేని మనవాళ్ళ కథలు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే, కొన్ని వారాలు చూద్దాం" అన్నారు. పిన్నీ, కిందటేడు జనవరిలో ఈ మాట అని ఉంటే ఇద్దరినీ లోపల వేసేవాళ్ళు. ఆ నియంత దేశం విడిచి పారిపోయాడు, ఇప్పుడు ఊరంతా నోరు విప్పింది. బస్సుల్లో, సంతలో, చర్చి మెట్ల మీద అందరూ ఒకేసారి మాట్లాడేస్తున్నారు. వినేవాడికే కరువొచ్చింది!

మొదటి కథ స్వతంత్రం వచ్చిన రోజని ప్రతి జనవరి ఒకటిన మనం తాగే సూప్ గురించే. ఒక బానిస వంటమనిషి ఫ్రెంచి దొరగారింట్లో ముప్ఫై ఏళ్ళు గుమ్మడికాయ సూప్ వండుతుంది, చుక్క నోట్లో వేసుకునే హక్కు లేదు. స్వతంత్రం వచ్చిన రోజు దొరగారి కుర్చీలోనే కూర్చుని మొదటి చెంచా నోట్లో పెట్టుకుంటుంది. "ఉప్పు తక్కువైంది" అంటుంది. అంతే, కథ అయిపోయింది. ఇన్నేళ్ళూ తన వంటలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఆమెకు తెలియదు కదా!

మా వీధిలో ఐసు అమ్మే అతను బండి ఆపుకుని విన్నాడు. ఐసు కరిగి కాలవ కట్టింది. మర్నాడు నన్ను దారికాసి నిలదీశాడు.

"ఆ ముసల్ది తర్వాతేమైంది?"

"అలాంటావిడెవరూ లేదు నాయనా, నేనే కల్పించా."

"లేకపోడమేంటి? మా నాయనమ్మ అచ్చం అట్టాగే ఉండేది!"

నేను మైకు ముందు "క్రిక్?" అని ఒక్క క్షణం ఆగుతాను. పిన్నీ, స్టేషన్ కిటికీలోంచి వినిపిస్తుంది, వీధి వీధంతా "క్రాక్!" అంటుంది. కథ వినడానికి సిద్ధమని అమ్మమ్మ వాకిట్లో మేమంతా అరిచినట్టే.

ఇక అసలు సంగతి. మెరిలుస్ ముత్తాత కథ రాయాలని ఉంది. నాకు తెలిసింది ఇంతే. అమెరికన్లు మన దేశాన్ని ఏలుతున్న రోజులు. జనవరి ఒకటి పొద్దున, పొయ్యి మీద సూప్ ఉడుకుతుంటే, ఆయన మిరపకాయలకని పక్కింటికి వెళ్ళాడు. రోడ్డు పనికి మనుషుల్ని పట్టుకుపోయే జవాన్లు ఎదురయ్యారు. మిగతావాళ్ళతో కలిపి తాడుతో కట్టి తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు. అమ్మమ్మకు అప్పుడు ఆరేళ్ళు. అప్పట్నుంచీ ఏటా ఆ రోజున బల్ల మీద ఆయనకొక సూప్ గిన్నె. చిన్నప్పుడు ఆ గిన్నె వంక చూస్తే నువ్వు మొట్టికాయ వేసేదానివి, గుర్తుందా? ఇంకేమైనా తెలిస్తే రాయి. ఆయన టోపీ ఎలా ఉండేది, ఎలా నవ్వేవాడు, ఏదైనా సరే.

కాళ్ళు నేల మీద ఆనడం లేని నీ
ఈవ్రోజ్


తోమోండ్
19 జనవరి 1987

రేడియో రాణీ,

నీ ఉత్తరం డ్రైవరు ఫిలోజెన్ నా చేతికే ఇచ్చాడు. అతని బస్సు మీద "ఓర్పు" అన్న పేరు ఎవరు రాయించారో గానీ, దాంట్లో వచ్చిన ఉత్తరం అందాలంటే నిజంగా ఓర్పు కావాలి.

నువ్వు చెప్పేదాకా మాకు తెలియదనుకున్నావా? ఊరంతా నీ కథే. నా దగ్గర కర్రపెండలం రొట్టె కొన్న ప్రతివాడూ ఒక కొరుకు కొరికి, మొహం అదోలా పెట్టి, "ఉప్పు తక్కువైంది" అంటున్నాడు. పదిహేనేళ్ళుగా నా రొట్టె మీద పల్లెత్తు మాట అనని మనుషులు! నీ ధర్మమా అని నేను ఊరికి నవ్వులాట అయ్యాను. అయినా నీ గొంతు విన్నప్పుడల్లా మీ అమ్మమ్మ రేడియోను కిటికీలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. నువ్వు క్రిక్ అంటే ఆమె అరిచే క్రాక్‌కు కోళ్ళు గోడ దూకుతున్నాయి.

ఒక మాట మాత్రం ముందే చెబుతున్నాను. మన ఇంటి సంగతులు రాస్తానంటున్నావు. ఉంగరం కొనుక్కొస్తానని వెళ్ళి ఇప్పటికీ కొంటూనే ఉన్న ఆ మహానుభావుడి ఊసు ఎక్కడైనా వినిపించిందో, నేనే బస్సెక్కి వస్తాను. అర్థమైంది కదా?

మెరిలుస్ తాత సంగతి వద్దమ్మా. ఈ ఇంట్లో ఆయన "పోయాడు" అన్న మాట ఎవరూ అనరు. మా నాన్న ఒక్కసారి, "మీ నాన్న ఆత్మశాంతికి చర్చిలో పూజ చెప్పిద్దామా?" అన్నాడట. వారం రోజులు అమ్మ ఆయనకు అన్నం వడ్డించింది గానీ మాట కలపలేదు. "కబురు రాలేదు, శవజాగారం చెయ్యలేదు, మనిషిని మనమే చంపేద్దామా?" అంటుంది. ఈ ఒకటో తారీకున కూడా గిన్నె పెట్టింది. పొద్దుగూకేసరికి చల్లబడి పైన పొర కట్టింది. ఎప్పటిలాగే తీసుకెళ్ళి కోళ్ళకు పోసి, కళ్ళలో పొగ పడిందని చెప్పింది. పొయ్యి ఆరి ఎంతసేపైందో నాకు తెలియదూ?

ఆయన వెళ్ళింది మిరపకాయలకు కాదు, అరువిచ్చిన చట్టి తెచ్చుకోవడానికి. సూప్‌కు ఇంట్లో ఉన్న చట్టి చాలలేదు. ఇంతకంటే నాకు తెలియదు. అమ్మ చెప్పదు, నేను అడగను.

నువ్వు మొండిదానివి, రాయకుండా ఉండవు. నీ చెయ్యి పట్టుకుని ఆపడానికి నేను అక్కడ లేను. కానీ మీ అమ్మమ్మ చెవిన పడేలా మాత్రం ఆయన్ని చంపకు.

నీ పిన్ని,
ఉప్పు సరిగ్గా వేసే
క్లెర్మీన్


పోర్ట్ ఓ ప్రిన్స్
2 ఫిబ్రవరి 1987

బంగారు పిన్నీ,

నువ్వు రాయమన్నావు, రాసేశాను! అమ్మమ్మ చెవిన పడకూడదన్నావు, పడదు. దానికి ఉపాయం కూడా ఆలోచించాను. చివర్లో చెబుతాను, ముందు నన్ను సంతోషపడనీ.

మన బడిలో చదివిన చరిత్ర పుస్తకం గుర్తుందా? మొన్న వెతికి పట్టుకున్నాను. అందులో ఆ రోజుల గురించి ఒక్క వాక్యం ఉంది. "ఈ కాలమందు అనేక రహదారులు నిర్మింపబడెను." వాటంతటవే వచ్చి పడుకున్నట్టు! ఆ వాక్యం నేను కంఠతా పట్టి టీచరు దగ్గర మెప్పు కూడా పొందాను. అందులో మెరిలుస్ ముత్తాత ఎక్కడున్నాడు పిన్నీ? కథలో పెట్టాను చూడు, ఆయనకు చెమట పడుతుంది. ఆకలేస్తుంది. పక్కవాడి గురకకు తిట్టుకుంటాడు. కూతురు తన గిన్నె దాచి ఉంచుతుందని తాడుకు కట్టిన వాళ్ళందరికీ చెప్పి చెప్పి విసిగిస్తాడు. చివరికి జ్వరం వచ్చి, మిర్బాలే దగ్గర ఒక మామిడి చెట్టు నీడన కన్నుమూస్తాడు. తోటివాళ్ళు అక్కడే పాతిపెడతారు. ఆ రోడ్డు మీదే ఇప్పుడు ఫిలోజెన్ గుంత గుంతకూ ఒక బూతు చొప్పున తిట్టుకుంటూ నా ఉత్తరాలు నీకు తెస్తున్నాడు.

అసలు గొప్ప ఎత్తుగడ ఏమిటంటే, కథ చావు ప్రకటనలా మొదలవుతుంది! "తీవ్ర విచారంతో తెలియజేస్తున్నాము. తోమోండ్ వాస్తవ్యులు మెరిలుస్ దోర్సెన్ మరణించారు. కుమార్తె ఒర్తాన్స్, మనవరాలు క్లెర్మీన్, మునిమనవరాలు ఈవ్రోజ్, కొండ మీది ఎలిఫెట్ కుటుంబం, తదితర బంధుమిత్రులకు మా సానుభూతి." అక్కడ ఆగి, "ఆయన మరణించి డెబ్భై ఏళ్ళు కావస్తోంది. కబురు ఇప్పుడే అందింది" అని కథలోకి వెళ్తాను. ఎలా ఉంది? ముసే గాస్నెర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మా స్టేషన్లో రోజూ నాలుగింటికి చదివే చావు ప్రకటనలు అవగానే, మధ్యలో పాట కూడా లేకుండా వేద్దామన్నారు. ఈసారి క్రిక్ కూడా అనను. అంటే ప్రకటనలా ఉండదు కదా!

పేర్లు మార్చలేదు. ఆయన పేరు ఒక్కసారైనా గాలిలో వినిపించాలనే కదా ఇదంతా.

ఇక ఉపాయం. కథ 14వ తేదీ శనివారం. ఆ సాయంత్రం నాలుగింటికి అమ్మమ్మను నీతో సంతకు తీసుకుపో. కుదరకపోతే బ్యాటరీలు తీసి పిండి డబ్బాలో దాచెయ్. ఒక్క పావుగంట. ఆ పూచీ నీది.

నీ మొండి
ఈవ్రోజ్


తోమోండ్
15 ఫిబ్రవరి 1987, ఆదివారం పొద్దున

ఈవ్రోజ్,

ప్రియమైన లేదు, బంగారం లేదు. ఏం చేశావే నువ్వు?

నిన్న నేను సంతలో ఉన్నాను. పొద్దువాలుతుండగా ఇంటిదారి పట్టాను. గేటు దాకా వచ్చేసరికి వాకిట్లోంచి ఏడుపులు. అమ్మకేమైనా అయిందేమోనని బుట్ట అక్కడే పారేసి పరిగెత్తాను. చూస్తే కొండ మీది ఎలిఫెట్! వాడి వెనక వాడి పెళ్ళాం, వాళ్ళ అమ్మ, అత్తవారు, ఇరుగుపొరుగు, అందరూ తెల్లబట్టల్లో. ఒకడి నెత్తిన బెంచీ, ఒకడి భుజాన కాఫీ బస్తా, చక్కెర, కిరసనాయిలు, చెరుకు సారా కూజా. "అయ్యో మెరిలుస్ మామా, మమ్మల్నొదిలి పోయావా" అని ఎలిఫెట్ నేల మీద పడి దొర్లుతున్నాడు. వాడు పుట్టేనాటికే ఆయన పోయి ఇరవై ఏళ్ళు!

"ఒరే, ఎవర్రా చెప్పింది నీకు?" అన్నాను.

"రేడియోలో చెప్పారుగా! మా ఇంటి పేరు కూడా చదివారు."

"ఆ తర్వాతేం చెప్పారో వినలేదా?"

"చావులు అయిపోగానే కట్టేశాం వదినా. బ్యాటరీలేమన్నా చెట్లకు కాస్తాయా?"

క్రిక్ అనకుండా నువ్వు చెప్పిన కథేనని ఆఖరిదాకా విన్న పక్కింటావిడ చెప్పింది గానీ, కొండల మీద ఏ ఒక్కరూ తర్వాతిది వినలేదు. చావు ప్రకటనలు వింటారు, రేడియో కట్టేస్తారు, ఎవరింటికి వెళ్ళాలో వెళ్తారు. నీకు తెలియనిదా ఇది? నువ్వు పట్నంలో పుట్టావా? ఇప్పుడు ఒక్కొక్కడిదీ ఒక్కో ప్రశ్న. ఇన్నేళ్ళు ఎక్కడున్నాడట? క్యూబాలో చెరుకు తోటలట కదా? నూరేళ్ళు దాటాయా? శవం ఏ బస్సులో వస్తుంది? కథ అని చెబితే నన్నే జాలిగా చూస్తున్నారు, దుఃఖంలో మతి పోయిందని.

వీళ్ళు తిన్నా, తాగినా, డామినోలు ఆడినా నేను ఊరుకుంటాను. మీ అమ్మమ్మ సంగతి చెప్పు. నేను వచ్చేసరికి ఆమె ఒళ్ళో ఉండాల్సిన రేడియో మంచం మీద ఒంటరిగా పాటలు పాడుతోంది. ఆమె లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. పిలిస్తే పలకదు. రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున తలుపు దగ్గర పెట్టిన కాఫీ అలాగే చల్లారింది. లోపల పెట్టె ఈడ్చిన చప్పుడు మాత్రం ఒకసారి వినిపించింది. పూర్తిగా విన్నది ఈ వాకిట్లో ఆమె ఒక్కతే. జీవితమంతా ఎవరూ అనడానికి సాహసించని మాట, సొంత మనవరాలు దేశమంతటికీ వినపడేలా అంది.

క్రిక్ అనకుండా కథ మొదలుపెట్టే మనిషి ఈ దేశంలో ఎక్కడైనా ఉంటుందా?

క్లెర్మీన్

ఇప్పుడే ఫిలోజెన్ వచ్చి నీ రెండో తారీకు ఉత్తరం ఇచ్చాడు. ఇరుసు విరిగి బస్సు ఇన్నాళ్ళూ మోన్ కబ్రి కొండ ఎక్కుడులో పడి ఉందట. అమ్మను సంతకు తీసుకుపోవాలా? బ్యాటరీలు పిండి డబ్బాలో దాచాలా? చాలా మంచిది. తప్పకుండా.


పోర్ట్ ఓ ప్రిన్స్
17 ఫిబ్రవరి 1987

పిన్నీ,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివాను. అమ్మమ్మ అన్నం తిన్నదా? తలుపు తీసిందా? ఇది చేరేలోగా ఆమెకేమైనా అయితే నన్ను నేను క్షమించుకోలేను. కథ కథ అని ఎగిరాను. పిచ్చిదాన్ని. వింటున్నవాళ్ళకు ఒళ్ళు జలదరించాలని అనుకున్నానే గానీ, అటువైపు రేడియో ఒళ్ళో పెట్టుకున్న మనిషి గురించి బ్యాటరీలు దాచమన్నంత వరకే ఆలోచించాను.

ఇక్కడ కూడా గొడవే. తోమోండ్ చుట్టుపక్కల కొండల నుంచి వలస వచ్చినవాళ్ళు స్టేషన్ గేటు దగ్గర మూగి, "శవం ఎక్కడ దించుతారు?" అని అడుగుతున్నారు. ముసే గాస్నెర్ తల పట్టుకున్నారు. నీ ఉత్తరం చూపించాను. శుక్రవారం నాలుగింటికి, చావు ప్రకటనలకు ముందే సవరణ చదువుతామన్నారు. "మెరిలుస్ దోర్సెన్ మరణించారన్న వార్త నిజం కాదు. అది కల్పిత కథ. శ్రోతలు మన్నించాలి." ఆ వాక్యం నా చేతే రాయించారు. ఇకమీదట కథలు కూడా ఆపేస్తామన్నారు. నేను కాదనలేదు. ఏ మొహం పెట్టుకుని అంటాను?

రాస్తుంటే ఒకటే అనిపించింది పిన్నీ. చరిత్ర పుస్తకంలో ఆయన లేకుండా ఒక వాక్యం ఉంది. ఇప్పుడు రేడియోలో ఇంకొకటి చేరుతోంది.

శనివారం బస్సుకు వచ్చి అమ్మమ్మ కాళ్ళ మీద పడతాను. అప్పటిదాకా ఆమెను చూసుకో.

నీ
ఈవ్రోజ్


తోమోండ్
18 ఫిబ్రవరి 1987, బుధవారం

ఈవ్రోజ్, ఆపు! ఆ సవరణ ఆపు!

ముందు ఆపి రా, తర్వాత చదువు. సరే, ఆగలేవని తెలుసు, చదువు.

ఆదివారం మధ్యాహ్నం ఆ తలుపు తెరుచుకుంది. మీ అమ్మమ్మ నల్ల గౌను వేసుకుని వచ్చింది. కర్పూరం వాసన కొడుతోంది. పెట్టె ఈడ్చింది దానికోసమట, కుట్లు పిగిలితే రాత్రంతా కూర్చుని కుట్టుకుందట. నేనేమో లోపల గుండె పగిలి పడి ఉందని తలుపు బయట దండం పెడుతున్నాను! వాకిట్లో డామినోలు ఆగిపోయాయి. ఎలిఫెట్ లేచి నిలబడ్డాడు. ఆమె అందరినీ ఒకసారి కలయజూసి, "కాఫీ ఎవరు తెచ్చారు?" అంది.

"నేనే అత్తా."

"తెచ్చి బస్తా మీద కూర్చున్నావేరా? జాగారానికొచ్చి ఎండు నోళ్ళతో కూర్చుంటారా? కాచండి!"

నేను దగ్గరికెళ్ళి మెల్లగా, "అమ్మా, అది కథే. మన ఈవ్రోజ్ కల్పించింది" అన్నాను. నన్ను ఎలా చూసిందనుకున్నావు!

"నాకు చెబుతున్నావా? వీళ్ళు సగంలో కట్టేశారు, నేను ఆఖరిదాకా విన్నా. అది కల్పించిందని నాకు తెలుసు. అయినా డెబ్భై ఏళ్ళు ఈ గుమ్మంలో కూర్చున్నానే, ఒక్కడొచ్చి మీ నాన్న సంగతి ఇదమ్మా అన్నాడా? సర్కారు చెప్పిందా? పాదిరి చెప్పాడా? నా మనవరాలు చెప్పింది. కబురొచ్చింది, జనం వచ్చారు. ఇప్పుడు నేను ఏడవాలి. అడ్డు లే."

ఏడ్చింది ఈవ్రోజ్. ఆరేళ్ళ పిల్లలా ఏడ్చింది. ఎలిఫెట్ తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, "నాన్నా" అని పిలిచింది. ఆ మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. నా వయసు నీకు తెలుసు.

తర్వాత మొహం కడుక్కుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ ఎలిఫెట్ ఉత్సాహంగా "క్రాక్!" అన్నాడు. "నోర్ముయ్యరా. ఇది క్రిక్ కథ కాదు" అంది. ఆయన ఈల ఎలా వేసేవాడో వేసి చూపించింది, ఉన్న నాలుగు పళ్ళతో. ఆ రోజు చట్టి తెమ్మని పంపింది తనేనట! సూప్ ఎక్కువ కావాలని మారాం చేసిందట. తాడు వరస వెనకాలే ఏటి రేవు దాకా పరిగెత్తిందట. ఒక జవాను బూటు కాలితో వెనక్కి నెట్టాడట. వాళ్ళ నాన్న తిరిగి చూసి, "నా గిన్నె ఉంచు, వచ్చేస్తా" అన్నాడట. ఆ మాట ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకా ఆ గిన్నె! అది తెలియక నీకు ఎన్ని మొట్టికాయలు వేశాను!

ఆమె ఆపగానే ఎలిఫెట్ తల్లి గొంతు సవరించుకుని, "మా అన్న ప్రోస్పెర్. అదే తాడు" అంది. గేటు దగ్గర నిలబడ్డ ముసలాయన, "మా నాన్న సెంతిలుస్. మా పెదనాన్న దియేజుస్త్" అన్నాడు. ఇంకొకరు, ఇంకొకరు. కథ అని తెలిసీ ఎవ్వరూ కొండెక్కి వెళ్ళిపోలేదు. కబురు విని ఇంకా దిగి వస్తూనే ఉన్నారు. జాగారం ముగించే ఆఖరి ప్రార్థన ఈ ఆదివారమని అమ్మ చెప్పేసింది. నాకు మొదట ఒళ్ళు మండింది, ఇప్పుడు ఒళ్ళు ఝల్లుమంటోంది. పేర్లన్నీ వెనక కాగితం మీద రాసి పెట్టాను. నా అక్షరాలు నీకు అర్థం కాకపోతే చంపేస్తాను.

ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. సవరణట! ఆయన్ని మళ్ళీ బతికిస్తే ఈమె మళ్ళీ ఆ గిన్నె ముందు కూర్చోవాలి. ఆ మాట రేడియోలో రాకూడదు. రాకూడదంతే. మిర్బాలేలో తిండికి ఆగావంటే జన్మలో నా రొట్టె దొరకదని ఫిలోజెన్‌కు చెప్పాను. వాడు రేవులో స్నానం కూడా మానేస్తానన్నాడు. పరిగెత్తు!

నీ పిన్ని
క్లెర్మీన్


పోర్ట్ ఓ ప్రిన్స్
20 ఫిబ్రవరి 1987, శుక్రవారం

పిన్నీ, పిన్నీ, పిన్నీ!

ఆపేశాం! ఎలా ఆపామో విను. నాలుగు కావస్తోంది. ముసే గాస్నెర్ సవరణ కాగితం పట్టుకుని మైకు ముందు కూర్చున్నారు. గేటు దగ్గర చెవులు చిల్లులు పడేలా హారన్. చూస్తే "ఓర్పు" బస్సు, కోళ్ళతో, అరటి గెలలతో, ప్రయాణికులతో సహా! స్టాండుకు పోకుండా తిన్నగా ఇక్కడికే తెచ్చాడు ఫిలోజెన్. బస్సులో అందరికీ సంగతి తెలుసు. ఒకావిడ కిటికీలోంచి, "చంపండి! ఆయన్ని చంపండి!" అని అరుస్తోంది. దారిన పోయేవాళ్ళు హడలిపోయారు.

ఉత్తరం లాక్కుని లోపలికి పరిగెత్తి, అక్కడే నిలబడి గట్టిగా చదివాను. "నా గిన్నె ఉంచు" దగ్గర ఆగి కాగితం ఆయన చేతికిచ్చేశాను. మిగతాది ముసే గాస్నెరే చదువుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుని, సవరణ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమన్నారు.

నేను క్రిక్ అనలేదు. "మెరిలుస్ దోర్సెన్ గారి ఆఖరి ప్రార్థన ఆదివారం తోమోండ్‌లో ఆయన కుమార్తె ఒర్తాన్స్ ఇంట జరుగుతుంది. ఆయనతో పాటు అదే తాడుకు కట్టబడి, అదే రోడ్డు వేసి, తిరిగి ఇల్లు చేరని వారు" అని, నీ కాగితంలో ఉన్న ప్రతి పేరూ చదివాను. నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి పిన్నీ, ఒక్కటీ తప్పు పోలేదు. కిటికీలోంచి ఏమీ వినిపించలేదు. అంత జనం ఉన్న వీధిలో ఒక్క కేక లేదు.

బయటికి వచ్చేసరికి ఐసు బండి అతను గేటు పట్టుకుని ఉన్నాడు. "మా నాయనమ్మకో తమ్ముడుండేవాడు. ఎప్పుడూ కన్నీళ్ళు పెట్టుకునేది, మేం నవ్వేవాళ్ళం. పేరు రాసుకో" అన్నాడు. అతని వెనక ఇంకొకరు. ఇప్పుడు వరస మూల మలుపు దాకా ఉంది! ముసే గాస్నెర్ స్వయంగా కుర్చీలు వేయిస్తున్నారు. "పావుగంట చాలదు ఈవ్రోజ్, అరగంట తీసుకో. ఒక్కో పేరుకూ ఒక్కో కథ రాయాలి" అన్నారు. రాస్తాను, చేతులు పడిపోయేదాకా రాస్తాను!

అందుకే రేపటి బస్సుకు రాలేను. రేపు కథ ఉంది. అమ్మమ్మకు కోపం వస్తుందా? నేను ఆయన్ని చంపిన తీరు ఆమెకు ఎలా అనిపించిందో అడిగి రాయి. అది తెలిసేదాకా నాకు నిజమైన సంతోషం లేదు.

నీ
ఈవ్రోజ్


తోమోండ్
24 ఫిబ్రవరి 1987

అమ్మలూ,

మీ పిన్ని చేత రాయిస్తున్నాను. మధ్యలో అది తన మాటలేమైనా కలిపితే నమ్మకు. (నేనేమీ కలపడం లేదు. క్లెర్మీన్.)

ఆఖరి ప్రార్థన బాగా జరిగింది. ఎలిఫెట్ తాగి నిచ్చెన మీంచి పడ్డాడు. నిచ్చెన ఎందుకెక్కాడో వాడికీ తెలియదు. జనం రోడ్డు దాకా నిలబడ్డారు. నువ్వు రానందుకు కోపం లేదు. అంతమంది వరసలో ఉంటే వదిలేసి వస్తావా? వస్తే తన్ని వెనక్కి పంపేదాన్ని.

నీ కథలో రెండు తప్పులున్నాయి. ఆయన కాళ్ళకు బూట్లు తొడిగావు. మా నాన్న జన్మలో బూటు ఎరగడు. పాట పాడించావు. ఆయన గొంతు కాకిగొంతు, ఈల మాత్రమే వేసేవాడు. ఈసారి చదివితే దిద్దుకో.

మామిడి చెట్టు నీడన పోయాడని చెప్పావు. నిజమో కాదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. నేను కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఆయన్ని ఎండలోనే చూశాను, ఇన్నేళ్ళూ ఎండలోనే. నువ్వు నీడలో పడుకోబెట్టావు. ఆ రాత్రి గౌను కుట్టుకుంటూ కళ్ళు మూసి చూశాను. నీడలోనే ఉన్నాడు. నాకది చాలు తల్లీ.

క్రిక్ అనలేదని మీ పిన్ని తిట్టిందట. నువ్వు అని ఉంటే నేను క్రాక్ అని, కథే కదా అని సరదాగా విని, కట్టేసి పడుకునేదాన్ని. అనకపోవడమే మంచిదైంది.

ఆదివారం అందరూ వెళ్ళాక గుమ్మడికాయ కోయించాను. ఫిబ్రవరిలో ఈ సూప్ ఏమిటని మీ పిన్ని ఒకటే సణుగుడు. పెద్ద చట్టిలో వండాను. ఆయన గిన్నె ఎప్పటి చోటనే పెట్టాను. ఇన్నేళ్ళూ అది చల్లారేదాకా ఎదురుచూశాను. ఈసారి పొగలు కక్కుతుండగానే దాని ముందు నేను కూర్చుని, చెంచా తీసుకున్నాను. నాలుక కాలింది. అయినా ఆపలేదు, అడుగు కనపడేదాకా తిన్నాను.

ఉప్పు తక్కువైంది.

మీ అమ్మమ్మ
ఒర్తాన్స్